గ్రాటిన్‌లో పాలు విరిగితే

గ్రాటిన్ (బంగాళాదుంప ముక్కల్ని పాలు, క్రీమ్‌తో ఓవెన్‌లో కాల్చే వంటకం) చేస్తే పాలు విరిగి పలుకులు తేలుతున్నాయి, నడిమి ముక్కలేమో పచ్చిగానే ఉంటున్నాయి అన్నారు కదండీ. ఓవెన్ 200 డిగ్రీల్లో పెట్టానన్నారు, తంటా అక్కడే. అంత వేడికి టోన్డ్ పాలు నిలబడవు. ఫుల్ క్రీమ్ పాలు, ఫ్రెష్ క్రీమ్ సగం సగం తీసుకోండి. బంగాళాదుంపల్ని 3 మి.మీ. మందాన తరిగాక మాత్రం కడగొద్దు, సాస్ చిక్కబడేది ముక్కలకు అంటుకున్న దుంప పిండితోనే. ముక్కల్ని ఆ పాలలోనే ఉప్పు, వెల్లుల్లి వేసి సన్నని సెగ మీద పది నిమిషాలు ఉడకనిచ్చి, అప్పుడు ట్రేలో పరవండి. 160 డిగ్రీల్లో 45 నిమిషాలు. చీజ్ చివరి పావుగంటలో తురమండి. మొజరెల్లా సాగుతుందే గానీ రుచి అంతంతమాత్రం; కొంచెం ప్రాసెస్డ్ చీజ్ కలిపితే నూనె తేలదు. (ఫ్రాన్స్‌లోని దోఫినే ప్రాంతపు పాతకాలం పద్ధతిలో చీజే వేయరు, మనం మానేస్తామా!) దించిన వెంటనే కోయకండి, పది నిమిషాలు ఆగితే గట్టిపడుతుంది.