టెక్ సందేహాలు: హాస్టల్లో వైఫై ఫుల్, నెట్ నిల్

ప్రశ్న: అన్నా, ఇబ్రహీంపట్నం వైపు ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంట్‌ని, నెట్‌వర్క్ కూడా నా నెత్తిమీదే పడ్డది. హాస్టల్లో 300 మంది ఉంటారు. రాత్రి 9 దాటిందంటే సిగ్నల్ ఫుల్ చూపిస్తది గానీ కనెక్టే కాదు, ‘ఐపీ అడ్రస్ తీసుకుంటోంది’ అని తిరుగుతనే ఉంటది. మేనేజ్‌మెంట్ వాళ్లు 500 ఎంబీపీఎస్ లైన్ తీసేసి 1 జీబీపీఎస్ పెట్టిద్దామంటున్నారు. పెట్టించమంటారా?

జవాబు: ఆగు తమ్ముడూ, ఆ పైసలు అప్పుడే కట్టకు. లైన్ చాలకపోతే వీడియో ఆగి ఆగి వస్తది, పేజీ లేటవుతది, అంతేగానీ కనెక్టే కాకపోవడం వేరే జబ్బు. రోడ్డు వెడల్పు చేస్తే బస్సులో సీట్లు పెరుగుతాయా?

ముందు కనెక్ట్ కాని ల్యాప్‌టాప్ ఒకటి పట్టుకుని దాని ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో ఒక్కో ఫోన్‌కి, ల్యాప్‌టాప్‌కి ఇచ్చే నంబర్) చూడు. 169.254తో మొదలైందంటే అడ్రస్‌లు ఇచ్చే డీహెచ్‌సీపీ సర్వర్ పలకట్లేదు కాబట్టి ల్యాప్‌టాప్ తనకు తానే ఒకటి పెట్టుకుందని అర్థం. చాలా చోట్ల హాస్టల్ మొత్తానికి ఒకే /24 సైజు నెట్‌వర్క్ ఇచ్చి వదిలేస్తారు, అందులో వాడుకోడానికి ఉండేవి 254 అడ్రస్‌లు. మనిషికి ఫోన్ ఒకటి ల్యాప్‌టాప్ ఒకటి వేసుకున్నా 600 కావాలి, తొమ్మిదింటికి అందరూ తిని రూములకు వచ్చేసరికి అయిపోకపోతే ఆశ్చర్యం. /22 చెయ్యి, 1022 వస్తాయి. దాంతోపాటు లీజ్ టైమ్ (ఇచ్చిన అడ్రస్ ఆ ఫోన్ పేరునే ఉండే గడువు) కూడా చూడు, ఎందుకంటే డీహెచ్‌సీపీ విండోస్ సర్వర్ మీద నడుస్తుంటే డిఫాల్ట్ 8 రోజులు ఉంటది, అంటే ఆదివారం తమ్ముణ్ని చూడ్డానికి వచ్చిపోయిన అన్న ఫోన్ కూడా వచ్చే సోమవారం దాకా ఒక సీటు ఆపుకుని కూర్చుంటది. హాస్టల్‌కి నాలుగు గంటలు చాలు, క్యాంటీన్ దగ్గరైతే గంట చాలు.

169 కాకుండా మీ కాలేజీది కాని అడ్రస్, 192.168.0 లాంటిది కనబడిందనుకో, అప్పుడు దొంగ వేరే ఉన్నాడు. పోయిన ఏడాది దోస్తు పిలిస్తే ఒక కాలేజీ హాస్టల్‌కి పోయిన, పేరెందుకులే. మధ్యాహ్నం దాకా నెట్‌వర్క్ స్విచ్‌లు (రూముల వైర్లన్నీ వచ్చి కలిసే డబ్బాలు) వెతికి వెతికి చివరికి మూడో అంతస్తులో ఒక మంచం కింద, ట్రంకుపెట్టె వెనకాల, మ్యాగీ చేసుకునే కెటిల్ పక్కన దొరికింది: ఇంట్లో వాడే రౌటర్, గోడలోంచి వచ్చిన వైరు బయటి లైన్ పెట్టే వ్యాన్ పోర్టుకు బదులు, లోపలి కంప్యూటర్లకు వాడే పసుపు రంగు ల్యాన్ పోర్టులో గుచ్చి ఉంది. అంతే, అది హాస్టల్లో అడిగినోళ్లకల్లా అడ్రస్‌లు పంచుతూ కూర్చుంది. పిల్లగాడు బిక్కమొహం వేసి ‘రూమ్‌లో సిగ్నల్ రావట్లేదని పెట్టుకున్న సార్’ అన్నాడు. వాడిది మాత్రం తప్పేముంది, వైఫై సిగ్నల్ ఇచ్చే యాక్సెస్ పాయింట్ కారిడార్ ఆ చివర ఉంది, మధ్యలో అన్నీ గోడలే. కాబట్టి స్విచ్‌లలో డీహెచ్‌సీపీ స్నూపింగ్ (దొంగ సర్వర్ పంచే అడ్రస్‌లను ఆపేసేది) ఆన్ చేసి, నీ అసలు సర్వర్ వైపు పోర్టునే ట్రస్ట్‌లో పెట్టు, రౌటర్ తెచ్చినా ఎవరికీ నష్టం ఉండదు. ఆ మూలకి ఒక యాక్సెస్ పాయింట్ కూడా వెయ్యి, లేకపోతే వచ్చే ఏడాది ఇంకొకడు ఇంకో రౌటర్ తెస్తాడు. ఇవన్నీ అయినాక కూడా రాత్రిపూట లైన్ వాడకం గ్రాఫ్ పైకప్పు తాకుతుంటే అప్పుడు 1 జీబీపీఎస్ అడుగు, నేను కూడా అవునంటా.

ప్రశ్న: సార్, నేను గర్ల్స్ హాస్టల్ వార్డెన్‌ని. వానపడితే చాలు ఇంటర్‌కామ్‌లో గరగర. అన్నీ తీసేసి ఐపీ ఫోన్లు పెడతామంటున్నారు, మంచిదేనా?

జవాబు: మంచిదే మేడమ్, కానీ ఒక్కటి అడగండి: కరెంటు పోతే ఏంటి? పాత ఫోన్‌కి పవర్ ఆ రాగి తీగలోనే ఈపీఏబీఎక్స్ (ఇంటర్‌కామ్ లైన్లన్నీ కలిపే మీ ఎక్స్‌చేంజ్ డబ్బా) నుంచి వస్తది, అక్కడ బ్యాటరీలు బాగుంటే బిల్డింగంతా చీకటైనా మోగుతది. ఐపీ ఫోన్‌కి మీ అంతస్తు స్విచ్ నుంచి వస్తది, ఆ స్విచ్‌కి యూపీఎస్ లేకపోతే ఫోన్ ఉన్నా లేనట్టే. అందుకే యూపీఎస్ రాయించుకోండి, గేటు దగ్గర, మీ రూమ్‌లో పాత ఫోన్ ఒక్కోటి ఉంచమనండి.

గరగర మాత్రం ఎక్కువసార్లు బయట బాక్సులో జాయింట్ తడిసి వస్తది. టెక్నీషియన్‌ని ఎక్స్‌చేంజ్ దగ్గర క్రోన్ (తీగలన్నీ వచ్చి చేరే పట్టీ) మీదే ఒక ఫోన్ పెట్టి వినమనండి, అక్కడ క్లియర్‌గా ఉంటే ఎక్స్‌చేంజ్ బాగానే ఉన్నట్టు, తేడా అక్కణ్నుంచి మీ దాకా వచ్చే తీగలోనే. ఇంకోమాట, బ్లాక్ నుంచి బ్లాక్‌కి నెట్‌వర్క్ లైన్ లాగితే ఫైబరే లాగించండి. రాగి ఈథర్నెట్ కేబుల్ 100 మీటర్లు దాటొద్దు, పైగా పిడుగు పడితే రెండు వైపులా స్విచ్‌లు పోయే ప్రమాదం ఉంటది.

ప్రశ్న: బ్రో, కాలేజీలో మ్యాక్ అడ్రస్ (ఫోన్ వైఫై గుర్తింపు నంబర్) రాసిస్తేనే వైఫై ఇస్తారు. రాసిచ్చిన, ఐనా రావట్లే. ఫోన్ ఖరాబా?

జవాబు: ఫోన్ మంచిగనే ఉంది బ్రో. ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఫోన్‌లో ఐఓఎస్ 14 నుంచి ఒక్కో వైఫైకి ఒక్కో ఉత్తుత్తి మ్యాక్ చూపించడం మామూలైంది, నువ్వేమో ‘అబౌట్ ఫోన్’లో ఉన్న అసలుది రాసిచ్చినట్టున్నవ్. ఆ వైఫై సెట్టింగ్స్‌లోకి పోయి ప్రైవసీ దగ్గర ‘డివైస్ మ్యాక్’ పెట్టు, ఆ ఒక్క నెట్‌వర్క్‌కే. మీ నెట్‌వర్క్ సార్‌కి కూడా ఒక మాట చెప్పు, మ్యాక్‌ల రిజిస్టర్ పక్కనపెట్టి ఒక్కొక్కరికి ఐడీ పాస్‌వర్డ్‌తో లాగిన్ పెట్టుకొమ్మను. కాలేజీలు, యూనివర్సిటీలు కలిసి వాడుకునే వైఫై ఎడ్యురోమ్ అట్లనే నడుస్తది, మన దేశంలో దాన్ని ఎర్నెట్ ఇండియా చూస్కుంటది, మీ కాలేజీ అందులో చేరితే అది ఉన్న ఇంకో క్యాంపస్‌కి ఫెస్ట్‌కి పోయినా నీ ఐడీతోనే అక్కడ వైఫై వస్తది.