ఈ నీళ్లలో దిగొచ్చా? స్నానాల తీరంగా గుర్తింపు తెచ్చుకునే దారి

సముద్ర స్నానాలు, నీటి నాణ్యత మీద పాఠకులు పంపిన ప్రశ్నల్లో ఎక్కువ ఇంగ్లండ్ నుంచి, కొన్ని కోస్తా జిల్లాల నుంచి వచ్చాయి. ఒకే విషయం అడిగినవాటిని కలిపి జవాబిస్తున్నాం.

ప్రశ్న: మేం ఇంగ్లండ్ దక్షిణ తీరంలో ఉంటున్నాం. ఇంటికి దగ్గర్లో గులకరాళ్ల బీచ్ ఉంది. వేసవిలో పిల్లాజెల్లాతో జనం బాగా దిగుతారు. పక్క ఊరి బీచ్‌లో నీటి నాణ్యత చెప్పే బోర్డు ఉంది, మా దగ్గర లేదు. అడిగితే "అది గుర్తింపు ఉన్న బేతింగ్ వాటర్, ఇది కాదు" అన్నారు. మాలాంటి మామూలు జనం అర్జీ పెట్టుకోవచ్చా?

జవాబు: నిస్సందేహంగా పెట్టుకోవచ్చు. కౌన్సిలే పెట్టాలని లేదు. ఈతగాళ్ల బృందమైనా, కాలనీ సంఘమైనా పర్యావరణ శాఖ డెఫ్రాకు దరఖాస్తు చేయొచ్చు. దీనికి ఆధారం 2013 నాటి బేతింగ్ వాటర్ రెగ్యులేషన్స్. ఇటీవలి ఏళ్లలో దరఖాస్తు గడువు అక్టోబరు 31గా ఉంటోంది. ఒప్పుకుంటే మరుసటి ఏడాది స్నానాల కాలం నుంచి అమలవుతుంది. ఇంగ్లండ్‌లో ఆ కాలం మే 15 నుంచి సెప్టెంబరు 30 వరకు. అంటే జనాన్ని లెక్కపెట్టే పని ఈ వేసవిలోనే చేయాలి. అక్టోబరులో ఫారం తెరిచి కూర్చుంటే అప్పటికి తీరం మీద ఎవరూ ఉండరు. చాలా అర్జీలు ఇక్కడే ఒక ఏడాది వెనకబడతాయి.

ముఖ్యంగా చూసేవి రెండు. స్నానాల కాలంలో రోజుకు కనీసం 100 మంది నీళ్లలో దిగుతున్నారా? టాయిలెట్ వంటి సౌకర్యాలు దగ్గర్లో, అంటే సుమారు 500 మీటర్ల లోపు, ఉన్నాయా? సాయంత్రం నాలుగింటికే తాళం వేసే టాయిలెట్ ఉంటే దాని వేళలు ముందు కౌన్సిల్‌తో మాట్లాడి మార్పించుకోండి.

లెక్కింపు కనీసం రెండు రోజులు చేయండి, మూడో నాలుగో రోజులైతే ఇంకా మంచిది. ఎండ కాసే శనాదివారాలు ఎంచుకోండి. కాగితం మీద గళ్లు గీసుకుని ఇరవై నిమిషాలకోసారి రాయండి: నీళ్లలో ఉన్నవారు ఎందరు, ఒడ్డున ఉన్నవారు ఎందరు, తెడ్డు బోర్డులూ కయాక్‌ల మీద ఉన్నవారు ఎందరు. ఈ మూడూ ఒకే గడిలో కలిపేస్తే లెక్కకు విలువ ఉండదు, ఎందుకంటే అడిగేది నీళ్లలో స్నానం చేసేవారి సంఖ్య. వాతావరణం, ఆటుపోటు వేళ పక్కన రాసుకోండి. ఫొటోలు దూరం నుంచి, మొహాలు గుర్తుపట్టని విధంగా, టైము పడేలా తీయండి. స్థల యజమాని, కౌన్సిల్ ఏమంటున్నారో ముందే కనుక్కుని వాళ్ల ఉత్తరాలు జతచేయండి. రేపు గుర్తింపు వస్తే బోర్డులు పెట్టాల్సింది స్థానిక యంత్రాంగమే, వాళ్లకు తెలియకుండా అర్జీ నడిపితే చివర్లో చిక్కులొస్తాయి.

మరో మాట. 2025లో చేసిన సవరణల్లో, ఆ నీటిని కనీస స్థాయికి తేవడం సాధ్యమేనా, అక్కడ దిగడం శారీరకంగా క్షేమమేనా అన్నది కూడా పరిశీలనలోకి వచ్చింది. కాబట్టి నదీముఖంలో ఓడలు తిరిగే కాలువ పక్కన, లేదా ప్రవాహం ఉరవడిగా ఉండే చోట అర్జీ పెట్టేవారు ఆ సంగతికి జవాబు సిద్ధం చేసుకోవాలి.

ప్రశ్న: గుర్తింపు వచ్చిందంటే నీళ్లు శుభ్రంగా ఉన్నట్టేనా?

జవాబు: కాదు. ఈ అపోహ పోవాలి. గుర్తింపు వచ్చిందంటే నీటిని పరీక్షించి ఫలితం బయటపెట్టే బాధ్యత ఇకనుంచి ప్రభుత్వానిదని అర్థం. 2024లో ఇంగ్లండ్‌లో కొత్తగా 27 చోట్లకు గుర్తింపు ఇచ్చారు. సముద్ర తీరాల్లో వర్తింగ్, గోరింగ్, బ్రైటన్ దగ్గరి రాటింగ్‌డీన్ ఉన్నాయి, మిగతావాటిలో చాలావరకు నదీ తీరాలు. ఆ ఏడాది చివర ఫలితాలు వచ్చినప్పుడు ఆ 27లో 18 అట్టడుగు శ్రేణి "పూర్"లో పడ్డాయి. దాన్ని చూసి గుర్తింపు ఎందుకు తెచ్చుకున్నామా అని బాధపడ్డవాళ్లున్నారు. మా దృష్టిలో అది తప్పు ఆలోచన. పరీక్ష లేనప్పుడు కూడా ఆ నీళ్లు అవే, అప్పుడూ పిల్లలు దిగారు. ఇప్పుడు లెక్క కాగితం మీదకు వచ్చింది. ఆ కాగితం చేతిలో ఉంటేనే మురుగునీటి కంపెనీని నిలదీయగలరు. గుర్తింపు ఉన్న తీరాల దగ్గర వాన మురుగు పొంగి సముద్రంలో కలిసే గొట్టాలను 2035 నాటికి బాగుచేయాలని ప్రభుత్వ ప్రణాళిక గడువు పెట్టింది. మామూలు తీరానికి ఆ ముందు వరస దక్కదు.

లైఫ్‌గార్డు కూడా దీనితో రాడు. ఎరుపు-పసుపు జెండాల మధ్య ఈదడం అన్నది వేరే ఏర్పాటు. నీటిలో సూక్ష్మజీవుల లెక్కకూ ప్రవాహం లాగే ప్రమాదానికీ సంబంధం లేదు.

ప్రశ్న: మా తీరంలో నీళ్లు అద్దంలా ఉంటాయి. శాంపిల్స్‌లో రెండు మూడు తప్ప అన్నీ బాగున్నాయి. అయినా శ్రేణి బాగా తగ్గించారు. లెక్క ఎలా వేస్తారు?

జవాబు: ముందు శాంపిల్ సంగతి. నీటిని పరీక్షించే ప్రభుత్వ సంస్థ ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ మనిషి కనీసం మీటరు లోతుండే చోటికి నడుచుకుంటూ వెళ్తాడు. శుద్ధి చేసిన సీసాను నీటి ఉపరితలం నుంచి 30 సెంటీమీటర్ల లోతున, తన కాళ్లు కదిపిన ఇసుక చేరకుండా, మూత లోపలి వైపు వేలు తగలకుండా నింపుతాడు. వెంటనే ఐసు పెట్టెలో, చీకట్లో పెడతాడు. ఎండ తగిలితే సీసాలోనే బ్యాక్టీరియా చచ్చి, లెక్క అబద్ధంగా మంచిగా వస్తుంది. వీలైతే అదే రోజు, ఎంత ఆలస్యమైనా 24 గంటల్లోపు ల్యాబులో పరీక్ష మొదలవ్వాలి.

వెతికేది రెండింటిని: ఈ.కోలి, ఇంటెస్టినల్ ఎంటరోకాకై. రెండూ మనుషుల, పశుపక్ష్యాదుల పేగుల్లో ఉండేవి. కంటికి అద్దంలా కనిపించే నీళ్లలో ఇవి వేలల్లో ఉండొచ్చు, బురదగా కనిపించే నీళ్లలో తక్కువ ఉండొచ్చు. సముద్రపు నీటికి 100 మిల్లీలీటర్లలో హద్దులు ఇవి. "ఎక్సలెంట్" రావాలంటే ఈ.కోలి 250, ఎంటరోకాకై 100 దాటకూడదు. "గుడ్"కు 500, 200. "సఫిషియెంట్"కు 500, 185. చివరిది చూడటానికి "గుడ్" కన్నా కఠినంగా అనిపిస్తుంది. కిటుకు ఏమిటంటే మొదటి రెండు శ్రేణులకు 95వ పర్సెంటైల్, అంటే నూటికి 95 ఫలితాలు ఏ అంకె లోపు ఉంటాయన్న అంచనా, చూస్తారు, "సఫిషియెంట్"కు 90వది. ఈ.కోలి, ఎంటరోకాకైలలో ఏది చెడ్డగా ఉంటే అదే శ్రేణిని తేలుస్తుంది.

ఇక్కడ సగటు పనికిరాదు. ప్రతి ఫలితానికీ లాగరిథమ్ తీసి, వాటి సగటుకు వాటి చెదురుబాటును, అంటే స్టాండర్డ్ డీవియేషన్‌ను, 1.65తో గుణించి కలుపుతారు. 90వ పర్సెంటైల్‌కు 1.282తో గుణిస్తారు. వచ్చిన లాగరిథమ్‌ను తిరిగి మామూలు అంకెగా మారుస్తారు. లెక్క తేలిగ్గా ఉండేందుకు ఇలా అనుకోండి: 16 శాంపిల్స్‌లో 14 సార్లు ఈ.కోలి 30, రెండుసార్లు వాన మర్నాడు 3000. 95వ పర్సెంటైల్ సుమారు 700 వస్తుంది, "గుడ్" పోయింది. 90వది 400 దగ్గర ఆగుతుంది, "సఫిషియెంట్"తో గట్టెక్కుతారు. అదే వాన మూడుసార్లు తగిలిందనుకోండి. 90వ పర్సెంటైల్ 700 దాటుతుంది, తీరం "పూర్"లో పడుతుంది. మిగిలిన పదమూడు రోజులూ నీళ్లు మేలిమిగా ఉన్నా సరే. రోజూ కొంచెం మురికిగా ఉండే తీరం కన్నా, అప్పుడప్పుడూ బాగా పాడయ్యే తీరమే ఈ లెక్కలో ఎక్కువ దెబ్బతింటుంది. ఇది అన్యాయంలా కనిపించవచ్చు, కానీ జబ్బు పడేది ఆ మూడు రోజుల్లో దిగినవాళ్లే కదా.

శ్రేణి కట్టేటప్పుడు మామూలుగా నాలుగేళ్ల ఫలితాలు కలుపుతారు. అందుకని ఒక చెడ్డ వేసవి నాలుగేళ్లు వెంటాడుతుంది, మురుగు గొట్టం బాగుచేసినా వెంటనే శ్రేణి పెరగదు. ఒక ఊరట ఉంది. భారీ వాన వల్ల రెండు మూడు రోజుల్లో సద్దుమణిగే కాలుష్యం వస్తుందని ముందే అంచనా వేసి, బోర్డు మీద హెచ్చరిక పెడితే, ఆ రోజు తీసిన శాంపిల్‌ను పరిమితికి లోబడి పక్కనపెట్టి, తర్వాత మరొకటి తీయొచ్చు. ఆ పరిమితి మొత్తం శాంపిల్స్‌లో 15 శాతం, లేదా సీజనుకు ఒకటి, ఏది ఎక్కువైతే అది. హెచ్చరిక బోర్డు మార్చని రోజున ఈ వెసులుబాటు దొరకదు. మీ ఊళ్లో ఆ బోర్డు ఎవరు, ఎన్నింటికి మారుస్తున్నారో ఓ కన్నేసి ఉంచండి.

"పూర్" వస్తే మరుసటి సీజను అంతా స్నానం వద్దని సలహా బోర్డు ఉంటుంది. వరుసగా ఐదేళ్లు అలాగే వస్తే గుర్తింపు దానంతటదే రద్దయ్యే పాత నిబంధనను 2025 సవరణలు తీసేశాయి.

ప్రశ్న: మురుగు ఎక్కడినుంచి వస్తోందో మేమే కనిపెట్టగలమా?

జవాబు: కొంతవరకు. ఇంగ్లండ్ ఊళ్లలో చాలాచోట్ల రెండు గొట్టాలు ఉంటాయి. ఒకటి మురుగును శుద్ధి కేంద్రానికి తీసుకెళ్తుంది, రెండోది వాననీటిని నేరుగా వాగుకో సముద్రానికో వదులుతుంది. ఇంటికి అదనపు గది కట్టినప్పుడు వాషింగ్ మెషీన్‌నో, కొత్త టాయిలెట్‌నో పొరపాటున రెండోదానికి కలిపేస్తారు. వరసగా మూడు రోజులు వాన లేకుండా ఎండ కాశాక ఆటు సమయంలో బీచ్ మీది వాననీటి గొట్టం నోరు చూడండి. పొడిగా ఉండాలి. బూడిదరంగు నీళ్లు కారుతున్నా, సబ్బు నురగ ఉన్నా, తడి టిష్యూ పీలికలు అంటుకుని ఉన్నా ఎవరిదో ఇంటి కనెక్షన్ తప్పింది. తారీఖు వేసి ఫొటో తీసి, ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ 24 గంటల నంబరు 0800 80 70 60కు చెప్పండి. ఆ తర్వాత ఒక్కో ఇంటి సింకులో రంగునీళ్లు పోసి ఎక్కడ తేలుతుందో చూసే పని వాళ్లకు వదిలేయండి.

వాన పడ్డ రోజే పాడవుతుంటే అనుమానం పొంగే మురుగు గొట్టాల మీద, లేదా పైనున్న పశువుల పొలాల మీద. నీటిలోని డీఎన్ఏ పరీక్షతో మనుషులదా, ఆవులదా, కుక్కలదా, పక్షులదా అన్నది విడదీయగలరు. కుక్కల మలం సంచిలో కట్టి రాళ్ల మధ్య వదిలేసే అలవాటు వల్ల కూడా నష్టముంది. ఆటుపోటు ఆ సంచిని నీళ్లలోకే తీసుకెళ్తుంది.

ప్రశ్న: బాపట్ల సూర్యలంకలో కార్తీక పౌర్ణమికి జనం పోటెత్తుతారు. మన దగ్గరా ఇలాంటి గుర్తింపుకు అర్జీ పెట్టుకోవచ్చా?

జవాబు: ఇంగ్లండ్ తరహాలో పౌరులు అర్జీ పెట్టుకుంటే ఏటా ప్రభుత్వం పరీక్షించే పద్ధతి మన దగ్గర లేదు. ఉన్నవి రెండు. ఒకటి, కాలుష్య నియంత్రణ మండలి వాడే సముద్రజల ప్రమాణం. స్నానానికి పనికొచ్చే నీటిని ఎస్‌డబ్ల్యూ-2 తరగతి అంటారు. పీహెచ్ 6.5–8.5, కరిగిన ఆక్సిజన్ లీటరుకు కనీసం 4 మిల్లీగ్రాములు, బీఓడీ (నీటిలోని మురికిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్) 3 మిల్లీగ్రాముల లోపు, మసక 30 ఎన్‌టీయూ (మసకను కొలిచే యూనిట్) లోపు, ఫీకల్ కోలిఫారం (మలంలో ఉండే బ్యాక్టీరియా) 100 మిల్లీలీటర్లకు 100. ఈ.కోలి కూడా ఫీకల్ కోలిఫారం కుటుంబంలోదే, కానీ రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టి పోల్చకండి.

రెండోది బ్లూ ఫ్లాగ్. డెన్మార్క్ కేంద్రంగా ఉన్న ఫౌండేషన్ ఫర్ ఎన్విరాన్‌మెంటల్ ఎడ్యుకేషన్ 33 అంశాలు చూసి ఇస్తుంది. 2020 అక్టోబరులో దేశంలో తొలిసారి 8 బీచ్‌లకు వచ్చింది, వాటిలో విశాఖ రుషికొండ ఒకటి. నీటి హద్దులు ఇంగ్లండ్ "ఎక్సలెంట్" హద్దులే, కాకపోతే దీనితో పాటు భద్రత, చెత్త నిర్వహణ, సౌకర్యాలు కూడా చూస్తారు. ఏటా నిలబెట్టుకోవాలి. దీనికి దరఖాస్తు వెళ్లాల్సింది ప్రభుత్వ యంత్రాంగం ద్వారా.

సూర్యలంకకు మీరు చేయగలిగింది: సమాచార హక్కు చట్టం కింద ఏపీ కాలుష్య నియంత్రణ మండలిని ఆ తీరపు నీటి ఫలితాలు, శాంపిల్ తీసిన తేదీలు, చోట్లతో సహా అడగండి. తేదీలు చాలా ముఖ్యం. ఎండాకాలంలో ఖాళీ తీరాన తీసిన శాంపిల్, కార్తీక పౌర్ణమి నాటి నీటి గురించి ఏమీ చెప్పదు. సంఘం తరఫున సొంతంగా పరీక్ష చేయిస్తే ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబు నుంచే సీసాలు తెచ్చుకోండి. పండగకు వారం ముందు, పండగ రోజు జనం దిగాక, మూడు రోజుల తర్వాత, ఒకే చోట, ఒకే లోతున తీయండి.

ఫలితాలు వచ్చేదాకా స్నానానికి వెళ్లేవారికి ఇంతే చెప్పగలం. కాలువ, డ్రెయిను, ఉత్తరాంధ్రలో అయితే గెడ్డ సముద్రంలో కలిసే నోటి దగ్గర దిగకండి. పెద్ద వాన పడితే మూడు రోజులు ఆగండి. చిన్నపిల్లలు నీళ్లు మింగకుండా చూడండి, తెగిన గాయం ఉంటే ఒడ్డునే నాలుగు చెంబులు పోసుకోండి.