మందు కొట్టాక దోమ పెరిగిందేమిటి?

ప్రశ్న: మాది తెనాలి దగ్గర. సాంబ మసూరి వరి వేశాం. ఆకుముడతకని డెల్టామెత్రిన్ కొడితే పురుగు పోయింది. నెల తిరక్కుండానే దుబ్బుల మొదళ్లలో సుడిదోమ కుప్పలుగా కనబడుతోంది. ఏ మందూ కొట్టని పక్క చేలో దోమ పలచగానే ఉంది. నాకు నకిలీ మందు అంటగట్టారా?
— ఒక రైతు, గుంటూరు

జవాబు: నకిలీ మందైతే ఆకుముడత పురుగు కూడా చచ్చేది కాదండీ. మీరు కొట్టింది అసలైన మందే, చిక్కంతా అక్కడే ఉంది.

ఆకుల మీద పడిన మందు మొదట్లో ఉండే దోమకు అరకొరగా తగులుతుంది. డెల్టామెత్రిన్ లాంటి మందు అలా తగిలి బతికిన ఆడదోమ మామూలు కన్నా ఎక్కువ రసం పీలుస్తుంది, ఎక్కువ గుడ్లు పెడుతుంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో చెల్లయ్య, హైన్రిక్స్ అనే శాస్త్రవేత్తలు 1980లోనే ఈ సంగతి రాశారు. ట్రయజోఫాస్ అనే ఇంకో పురుగుమందు కథ ఇంకా విడ్డూరం. మందు మగదోమకు తగిలినా చాలు, దానితో జతకట్టిన ఆడదోమ ఎక్కువ గుడ్లు పెడుతుందని చైనా పరీక్షల్లో తేలింది. మన దేశంలో ఆ మందు నిషేధంలో ఉంది. పాత డబ్బా కొట్టంలో ఉంటే దాని జోలికి పోకండి.

పైగా ఆ గుడ్లు ఆకు తొడుగు లోపల ఉంటాయి, వాటికి మందు అందదు. వాటిని తినే మిరిడ్ నల్లి, పిల్లదోమల్ని పట్టే సాలీళ్లు మాత్రం ముందే చచ్చిపోతాయి. ఇండోనేషియా 1986లో 57 రకాల మందుల్ని వరి మీద కొట్టొద్దని ఆపేసింది ఈ బాధ పడలేకే.

ఇప్పుడు చేలో నీరు తీసేసి ఆరగట్టండి. రెండు మీటర్లకొకచోట 20 సెంటీమీటర్ల వెడల్పున పాయ (ఖాళీ బాట) తీయండి. పచ్చదనం కోసమని యూరియా వేయకండి. దుబ్బుకు పదీ పదిహేను దోమలు దాటితేనే బుప్రోఫెజిన్ లీటరు నీటికి 1.6 మి.లీ. కలిపి మొదళ్లు తడిసేలా కొట్టండి. పిల్లదోమలు కుబుసం విడవలేక చస్తాయి. పెద్దవి చావవు గానీ వాటి గుడ్లు తగ్గుతాయి. పెద్ద దోమలే ఎక్కువుంటే పైమెట్రోజైన్ లీటరుకు 0.6 గ్రాములు వాడండి, అది మేత మాన్పించి చంపుతుంది. రెండూ నిదానంగా పనిచేసేవే. మర్నాడే దోమ కదులుతోందని టెన్షన్ పడి మందుల కొట్టుకు పరిగెత్తితే మళ్లీ డెల్టామెత్రిన్ జాతి మందు (పైరిత్రాయిడ్) ఏదో కలిపి ఇస్తారు. నాలుగైదు రోజులాగి పిల్లదోమలు తగ్గాయో లేదో దుబ్బు వంచి చూసుకోండి.