వ్యాన్ మీద సోలార్: సిరీసా, ప్యారలలా?

చిరంజీవి మేనకోడలికి, ఒంగోలు నుంచి మామయ్య ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశానమ్మా. వ్యాన్ టాపు మీదకి వంద వాట్ల ప్యానెళ్లు నాలుగు కొన్నారు, షాపులో ఒకరు సిరీస్ అన్నారు, ఇంకొకరు ప్యారలల్ అన్నారు, ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్‌గా ఉందని రాశావు. ఫోన్‌లో రెండు ముక్కల్లో తేలేది కాదు కాబట్టి వివరంగా రాస్తున్నా.

ముందుగా ఒకటి తెలుసుకో. ఎలా కలిపినా ప్యానెళ్ల వాట్లు మారవు. సిరీస్‌లో ఒకదాని ప్లస్‌ని ఇంకోదాని మైనస్‌కి కలుపుతాం. వోల్టులు కూడుకుంటాయి, ఆంపియర్లు ఒక్క ప్యానెల్‌వే ఉంటాయి. ప్యారలల్‌లో ప్లస్సులన్నీ ఒకచోట, మైనస్సులన్నీ ఒకచోట చేరుస్తాం. అప్పుడు ఆంపియర్లు కూడుకుంటాయి, వోల్టులు పెరగవు. నీ రకం ప్యానెల్ పనిచేసేటప్పుడు సుమారు 18 వోల్టులు, ఐదున్నర ఆంపియర్లు ఇస్తుంది. నాలుగూ సిరీస్ అయితే 72 వోల్టులు, ఐదున్నర ఆంపియర్లు. నాలుగూ ప్యారలల్ అయితే 18 వోల్టులు, 22 ఆంపియర్లు. గుణించి చూడు, ఎటూ సుమారు 400 వాట్లే.

తేడా ఎక్కడొస్తుందంటే, మన దగ్గర మొట్టమొదట ఎండలో వస్తుంది. ప్యానెల్ వెనక స్టిక్కర్ మీద ఉన్న అంకెలు ప్యానెల్ 25 డిగ్రీల వేడిలో ఉన్నప్పటివి. మే నెల మధ్యాహ్నం నెల్లూరులో వ్యాన్ టాపు మీద అది 65 డిగ్రీలకి చేరడం మామూలే. ఒక్కో డిగ్రీకి వోల్టేజి 0.3 నుంచి 0.4 శాతం పడిపోతుంది. 40 డిగ్రీలు పెరిగాయంటే నీ 18 వోల్టులు పదిహేనున్నరకి దిగినట్టే. 12 వోల్టుల బ్యాటరీ నిండడానికి వచ్చేసరికి దానికే 14.4 వోల్టుల దాకా కావాలి. మధ్యలో వైరు ఒక వోల్టు తినేస్తే ఇక మిగిలేదేముంది? ఫ్యాన్, ఫ్రిజ్ గట్టిగా పనిచేసే వేళకే చార్జింగ్ తగ్గిపోతుంది. చల్లటి దేశాల వాళ్లు కొందరు వీడియోల్లో అన్నీ ప్యారలల్ పెట్టుకోమంటారు. అది వాళ్ల ఎండకి సరిపోతుందేమో గానీ మన ఎండకి నేను ఒప్పుకోను.

వైరు ఒక వోల్టు తింటుందా అని అడుగుతావు. తింటుంది. టాపు మీద నుంచి కంట్రోలర్ దాకా, అంటే ప్యానెళ్ల కరెంటుని బ్యాటరీకి తగ్గట్టు సర్ది పంపే పెట్టె దాకా, ఐదు మీటర్లనుకో, రానూపోనూ పది మీటర్లు. 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరులో 22 ఆంపియర్లు పారితే సుమారు ఒక వోల్టు పోతుంది, అంటే ఇరవై వాట్ల పైనే వేడిగా పోయినట్టు. అదే వైరులో 11 ఆంపియర్లు పారిస్తే నష్టం సగం కాదు, నాలుగో వంతుకి పడిపోతుంది.

అలాగని నాలుగూ సిరీస్‌లో పెట్టెయ్యకు. నీ కంట్రోలర్ 100 వోల్టులదని రాశావు. లోడు లేనప్పుడు ఒక్కో ప్యానెల్ 22 వోల్టులు చూపిస్తుంది, నాలుగు కలిస్తే 88. చలిలో ఇది ఇంకా పెరుగుతుంది. చలికాలం లంబసింగి వెళ్లి తెల్లారి ఎండ పడగానే చూస్తే 94 దాకా రావచ్చు. వంద దాటితే కంట్రోలర్ పోతుంది, అలా పోయినదానికి వారంటీ కూడా దొరకదు. అంత అంచున నడపడం నాకిష్టం లేదు.

రెండోది నీడ. కొత్తపట్నం బీచ్‌కి వెళ్లినా మైపాడు బీచ్‌కి వెళ్లినా మీరు వ్యాన్‌ని సరుగుడు తోట పక్కనే ఆపుతారు, ఆ ఎండకి ఎవరైనా అంతే. సిరీస్‌లో ఒక ప్యానెల్ మీద నీడ పడితే, పైతూము మూసేస్తే కింది మడులకి నీళ్లు తగ్గినట్టు, మిగతావాటి కరెంటుకీ అడ్డం పడుతుంది. ప్యానెల్ వెనక డబ్బాలో బైపాస్ డయోడ్లుంటాయి. అవి నీడ పడ్డ భాగాన్ని తప్పించి కరెంటుని దాటిస్తాయి, కానీ ఆ భాగం వోల్టులు మాత్రం పోయినట్టే. ప్యారలల్‌లో అయితే నీడ పడ్డ ప్యానెల్ వాటా మాత్రమే తగ్గుతుంది, మిగతావి వాటి పని అవి చేసుకుంటాయి.

అందుకని నా మాట ఇది: రెండేసి సిరీస్‌లో కలిపి రెండు జతలు చెయ్యి, ఆ జతలు రెండిటినీ ప్యారలల్‌లో కలుపు. 36 వోల్టులు, 11 ఆంపియర్లు వస్తాయి. ఎండకి పడిపోయినా ముప్పై దాకా ఉంటాయి, చలికి పెరిగినా యాభై దాటవు.

ఏ రెండిటిని జత చేస్తావన్నది ముఖ్యం. ఒకేసారి నీడలోకి వెళ్లే రెండిటినీ ఒకే జతలో పెట్టు. మీరెప్పుడూ ఎడమవైపు చెట్లుండేలా ఆపేటట్టయితే ఎడమవి రెండూ ఒక జత, కుడివి రెండూ ఒక జత. టాపు మీద ఏసీ పెట్టి దాని నీడ వెనకవాటి మీద పడేటట్టయితే ముందువి ఒక జత, వెనకవి ఒక జత. దీన్ని కాగితం మీద తేల్చకు. ప్యానెళ్లు బిగించకముందే టాపు మీద ఊరికే పరిచి, పొద్దున తొమ్మిదికి, మధ్యాహ్నం, సాయంత్రం నాలుగింటికి ఎక్కి చూడు. రెండు జతల వైర్లూ విడివిడిగా వ్యాన్ లోపలికి దించుకుని అక్కడే కలిపితే తర్వాత మార్చుకోవడానికీ, ఏ జత సరిగా పనిచెయ్యట్లేదో మల్టీమీటర్‌తో చూసుకోవడానికీ వీలుగా ఉంటుంది.

ఇదంతా కంట్రోలర్ ఎంపీపీటీ రకమైతేనే, అంటే ఎక్కువ వోల్టుల్ని బ్యాటరీకి కావల్సినంతకి దించి, ఆ మేరకు ఆంపియర్లు పెంచి ఇచ్చే రకం. పీడబ్ల్యూఎం అనే మామూలు రకం అయితే అది ప్యానెల్ వోల్టేజిని బ్యాటరీ వోల్టేజికి లాగేస్తుంది, సిరీస్‌లో పెరిగిన వోల్టులన్నీ వృథా. పెట్టె మీద ఎంపీపీటీ అని ముద్ర వేసి లోపల పీడబ్ల్యూఎం పెట్టి అమ్మే చౌకరకాలు ఉన్నాయి, ధర మరీ తక్కువగా ఉంటే అనుమానించు.

కలిపేటప్పుడు ప్యానెళ్ల మీద మందపాటి దుప్పటి కప్పు. కంట్రోలర్‌కి ముందు బ్యాటరీ, తర్వాతే ప్యానెళ్లు. విప్పేటప్పుడు ముందు ప్యానెళ్లు. కరెంటు పారుతుండగా ప్యానెల్ వైర్ల చివర ఉండే ఎంసీ4 కనెక్టర్ లాగొద్దు, ప్యానెళ్లిచ్చేది డీసీ కరెంటు, డీసీలో మంట సాగుతుంది, ఆరదు. ఇంటి ఏసీ కరెంటుకి వాడే ఎంసీబీ (ట్రిప్ అయ్యే స్విచ్) ఇక్కడ పెట్టొద్దు, డీసీది అని అడిగి తీసుకో. బ్యాటరీ ప్లస్‌కి దగ్గరలోనే 40 ఆంపియర్ల ఫ్యూజు పెట్టు. రెండే జతలు కాబట్టి జతకొక ఫ్యూజు అక్కర్లేదు, మూడోది చేరిస్తే మాత్రం ప్రతిదానికీ కావాలి.

ప్యానెల్‌కీ టాపుకీ మధ్య రెండంగుళాల సందు వదులు, గాలి ఆడితే వేడి తగ్గుతుంది. సముద్రం ఉప్పుగాలికి మామూలు బోల్టులు నిలవవు, స్టెయిన్‌లెస్ స్టీలువి వాడు.

టాపుకి బెజ్జాలు వేసే ముందు ప్యానెల్ వెనక స్టిక్కరూ, కంట్రోలర్ స్టిక్కరూ ఫోటో తీసి పంపు. అంకెలు నేను చూసి సరే అన్నాకే డ్రిల్లు పట్టుకో.

ఆశీస్సులతో,
మామయ్య