అక్కనడగండి: తాబేళ్ల కోసం వెళ్తున్నాం, ఎవరితో వెళ్ళాలి?

ప్రశ్న: అక్కా, మాది పర్లాకిమిడి. ఫిబ్రవరి ఆఖర్లో అత్తగారు, ఇద్దరు పిల్లలతో కలిపి ఆరుగురం బయల్దేరదామని. ఒక ట్రావెల్స్ వాళ్ళు రెండ్రోజుల్లో రుషికుల్య తాబేళ్లు, చిలికా డాల్ఫిన్లు, పక్షులు, తిరుగు దారిలో సవర గూడెం కూడా చూపించేస్తాం, తాబేళ్లు గ్యారంటీ అంటున్నారు. నమ్మొచ్చా?

జవాబు: గ్యారంటీ అన్నారంటేనే వాళ్ళు వద్దమ్మా. ఫిబ్రవరి, మార్చిలో వస్తాయన్నది నిజమే గానీ ఏ రాత్రి వస్తాయో ఎవ్వరూ చెప్పలేరు. 2023లో రుషికుల్య నది సముద్రంలో కలిసే మొగ దగ్గర 6 లక్షలు దాటి వచ్చి గుడ్లు పెట్టాయి, మరుసటి ఏడాది అందరూ ఎదురుచూస్తే గుంపుగా రానేలేదు, 2025లో మళ్ళీ 6 లక్షల పైనే వచ్చాయి. అందుకని ముందే ట్రావెల్స్‌కి డబ్బు కట్టేయకుండా పురుణాబంధ, గోఖర్‌కుడా ఊళ్ళల్లో తెలిసినవాళ్ళెవరైనా ఉంటే ఫోన్ నంబర్ సంపాదించు. ఆ ఊళ్ళ కుర్రాళ్ళు ఏళ్ల తరబడి తాబేళ్లకి కాపలా కాస్తున్నారు, ఇసకలో జాడ చూసి నిన్న రాత్రి ఏం జరిగిందో చెప్పేస్తారు, అడుగు ఎక్కడ వెయ్యాలో ఎక్కడ వెయ్యకూడదో వాళ్ళకి తెలిసినంత బస్సులో వచ్చే గైడ్‌కి తెలీదు.

తల్లి తాబేలు ఒడ్డెక్కేటప్పుడు చాలా బెదురు మీద ఉంటుంది, టార్చ్ వెలుగు పడినా ఎవరైనా ఎదురొచ్చినా గుడ్లు పెట్టకుండానే సముద్రంలోకి వెళ్ళిపోతుంది. కాబట్టి ఫ్లాష్ వద్దు, తెల్ల లైటు వద్దు, పిల్లలకి ఇంటి దగ్గరే చెప్పి తీసుకురా, ఫారెస్ట్ వాళ్ళు ఎక్కడ ఆపితే అక్కడే ఆగండి. ఇంతకీ పిల్లలతో అంటే నేనైతే ఫిబ్రవరి కంటే ఏప్రిల్ అంటాను, గుంపు వచ్చి వెళ్ళిన 45, 50 రోజులకి గుడ్లు పగిలి అరచేతిలో పట్టేంత పిల్లలు ఇసకలోంచి ఉబికి వచ్చి నీళ్ళవైపు పరిగెడతాయి, తెల్లవారుజామున అది చూసిన పిల్లలు జన్మలో మర్చిపోరు. కానీ ముట్టుకోనివ్వకు.

ఇంకో మాట చెప్పాలి, ఇది నా మనసుకి దగ్గరి విషయం. గోపాల్‌పూర్ నుంచి ఈ ఒడ్డంతా ఉన్న జాలర్లలో చాలామంది మనవాళ్ళే, ఒడియావాళ్ళు నోలియాలంటారు, ఇంట్లో తెలుగే. తాబేళ్ల కోసం నవంబర్ 1 నుంచి మే 31 దాకా రుషికుల్య మొగ చుట్టూ 20 కిలోమీటర్ల వరకు వేట నిషేధం, అంటే ఏడు నెలలు. మనం చూసి మురిసిపోయే ఆ గుంపుకి నిజంగా ఖర్చు పెడుతున్నది ఆ ఇళ్ళవాళ్ళు. అందుకే చేపల కూర ఆ వాడలోనే తినండి, దారి చూపినవాళ్ళకి చేతిలో డబ్బు పెట్టండి, మీ అత్తగారు నాలుగు మాటలు కదిపితే సముద్రం గురించి ఏ పుస్తకంలో లేనివి చెప్తారు.

డాల్ఫిన్ల విషయానికొస్తే, రంభ ఊరు చిలికా సరస్సుకి దక్షిణం కొస, అవి ఎక్కువగా కనపడేది సముద్రం మొగ వైపు సాతపడా దగ్గర, అది పూరీ జిల్లా. రెండ్రోజుల్లో అదీ ఇదీ అంటే పిల్లలు కార్లోనే నిద్రపోతారు. పైగా ఇవి సినిమాల్లోలా గెంతే డాల్ఫిన్లు కావు, ఇరావడీ రకం, ముక్కు లేని గుండ్రటి తల, వీపు ఒక్క క్షణం పైకొచ్చి మునిగిపోతుంది. నేనెక్కిన పడవవాడు ఒకసారి వాటి మీదకే ఇంజన్ తోలాడు, ఆపమని మేం అరిచాక గానీ ఆపలేదు, ఇప్పటికీ గుర్తొస్తే బాధే. ఎక్కేముందే చెప్పండి, దూరంగా ఆపి ఇంజన్ కట్టెయ్యాలని. పక్షులకైతే చిలికా ఒడ్డునే ఉన్న మంగళాజోడి ఊరు, అక్కడ గెడతో తోసే పడవలు, ఒకప్పుడు పక్షుల్ని వేటాడినవాళ్ళే ఇప్పుడు పేరుపేరునా చూపిస్తారు, జనవరి అయితే మేలు.

సవర గూడెం ఈ ట్రిప్పులోంచి తీసెయ్. ఎందుకో కింద చెప్తా.

ప్రశ్న: అక్కా, తాబేలు గుడ్లు పెట్టేటప్పుడు ఏడుస్తుందని మా మామ్మ అంటుంది. నిజమేనా? (బరంపురం నుంచి ఇంటర్ చదివే తమ్ముడు)

జవాబు: కన్నీళ్ళు నిజమే తమ్ముడూ, మామ్మ చూసింది సరిగ్గానే చూసింది. సముద్రంలో బతికే జీవి కాబట్టి ఒంట్లో చేరిన ఉప్పుని కళ్ళ దగ్గరుండే గ్రంథుల్లోంచి బయటికి పంపిస్తుంది, నీళ్ళలో ఉన్నప్పుడు మనకి కనపడదు, ఒడ్డెక్కితే కారుతుంది. వెనక కాళ్ళతో గొయ్యి తవ్వి, వందకి అటూఇటూగా గుడ్లు పెట్టి, ఇసక కప్పి ఒంటి బరువుతో అదిమి వెళ్ళిపోతుంది. ఇసక వేడి ఎక్కువైతే ఆడపిల్లలు, తక్కువైతే మగపిల్లలు పుడతాయి. ఇది కూడా మామ్మకి చెప్పు.

ప్రశ్న: గుణుపూర్ దగ్గర ఉద్యోగం నాది. గోడల మీద సవరల బొమ్మలు చూడాలనుంది, నేరుగా ఊళ్ళోకి వెళ్ళొచ్చా?

జవాబు: వెళ్ళొచ్చు గానీ పిలిచినవాళ్ళుండాలండీ. ఆ బొమ్మ, ఇడితల్, అలంకారం కాదు. ఇంట్లో జబ్బు చేసినా, పెద్దల్ని తలుచుకోవాలన్నా, దేవతల కోసం లోపలి గోడ మీద వేసేది, అది వాళ్ళ దేవుడి గది లాంటిది. మీ ఇంట్లోకి ఎవరో వచ్చి పూజ గది ఫోటో తీస్తే ఎలా ఉంటుంది? మీ ఆఫీసులో సవర కుర్రాడెవరైనా ఉంటే అతన్నే అడగండి, వాళ్ళ ఊరికి పండగప్పుడు రమ్మంటే వెళ్ళండి, ఫోటో అడిగి తీయండి, బొమ్మ కావాలంటే బట్ట మీదో కాగితం మీదో వేసి అమ్మేవాళ్ళున్నారు, వేసినవాళ్ళ దగ్గరే కొనండి. వెళ్ళేముందు నాలుగు సవర మాటలు నేర్చుకోండి. తెలుగుకీ ఒడియాకీ చుట్టం కాదు ఆ భాష, ముండా కుటుంబం, 1936లో మంగేయి గొమాంగో దానికి సొంత లిపి కూడా తయారుచేశారు. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకుంటూ మన గిడుగు రామమూర్తి పంతులుగారు ఆ భాష నేర్చుకుని వ్యాకరణం, నిఘంటువు రాశారు. మీరు నాలుగు మాటలతో మొదలుపెట్టండి, నేర్పమని ఆ కుర్రాణ్ణే అడగండి.