జీబ్రా డానియో గుడ్లు పెట్టడానికి సిద్ధమైందని ఎలా గుర్తుపట్టాలి?

మీ ట్యాంకులో ఉన్న ఆరు జీబ్రా డానియోలలో ఒకదాని పొట్ట పది రోజులుగా ఉబ్బి ఉందని, తెల్లవారగానే మిగిలిన వాటిలో రెండు దాని వెంట పడుతున్నాయని, దుకాణదారు దానిని చూసి "ఇది కడుపుతో ఉంది, వెంటనే వేరు చేయండి" అన్నాడని రాశారు. వేరు చేయాలా, లేక అది ఏదైనా జబ్బా అన్నది మీ సందేహం. నేను ఎనిమిదేళ్లుగా ఈ చేపలను పెంచుతున్నాను. వాటిలో మొదటి ఏడాదిన్నర ఒక్క పిల్లను కూడా దక్కించుకోలేకపోయాను. పొట్ట కనిపించిన ప్రతిసారీ చేప సిద్ధమైందని అనుకోవడమే అందుకు ప్రధాన కారణమని తరువాత అర్థమైంది.

ముందుగా ఆ "కడుపుతో ఉంది" అన్న మాటను పక్కన పెట్టండి. అది గప్పీ, మోలీ, ప్లాటీ వంటి చేపలకు చెల్లే మాట. వాటి పిల్లలు తల్లి పొట్టలోనే పెరిగి, ఈదగలిగే దశలో బయటికి వస్తాయి కనుక నెల రోజుల గర్భం అని చెప్పుకోవడంలో అర్థముంది. డానియోలో గుడ్డు నీళ్లలో పడిన తరువాతే మగ చేప వీర్యం దానికి చేరుతుంది. ఆడ చేప పొట్టలో గుడ్లు కొన్ని రోజుల పాటు పెరుగుతాయి గాని, అవి చివరిగా పండి అండాశయం నుంచి విడివడటం మాత్రం గుడ్లు పెట్టే ముందు రాత్రి జరుగుతుంది. మగ చేపల నుంచి నీళ్లలోకి వచ్చే ఒక రకమైన వాసన ఆడ చేపకు అందకపోతే ఆ చివరి దశ సరిగా పూర్తి కాదు. అందువల్ల పొట్ట నిండడం వేరు, గుడ్లు పెట్టడానికి సిద్ధం కావడం వేరు. మొదటిది రోజుల తరబడి కనిపిస్తుంది, రెండవది ఒక్క ఉదయానికి సంబంధించినది.

మీరు చూస్తున్నది ఆడ చేపే అవునా అన్నది తేల్చుకోవడం కష్టం కాదు. మగ చేప సన్నగా, కోలగా ఉంటుంది. నీలి చారల మధ్య భాగం, పొట్ట అడుగు, మలద్వారం వెనక ఉండే రెక్క లేత బంగారు పసుపులో కనిపిస్తాయి. ఆడ చేపలో అదే భాగం వెండిలా తెల్లగా ఉంటుంది. రెండింటినీ పక్కపక్కన, పగటి వెలుగులో చూడండి. ట్యాంకు పైనున్న రంగు దీపం కింద చూస్తే అన్నీ పసుపుగానే కనిపిస్తాయి. వయస్సు కూడా ముఖ్యమే. 28 డిగ్రీల నీటిలో బాగా మేపితే డానియో సుమారు మూడు నెలలకు పెద్దదవుతుంది. దుకాణాల్లో అమ్మేవి చాలావరకు ఆ వయస్సుకు రానివే గనుక, కొన్న వారానికే గుడ్ల కోసం ఎదురుచూడటం వృథా. మీరు నాలుగు నెలల క్రితం తెచ్చారు కాబట్టి మీ చేపలకు ఆ అడ్డంకి లేదు.

ఇక పొట్ట సంగతి. దానిని ఎప్పుడు, ఎక్కడి నుంచి చూస్తున్నారన్నదాని మీద మీ నిర్ణయం ఆధారపడి ఉంటుంది. నేను ఉదయం మేత వేయక ముందు మాత్రమే చూస్తాను. డానియోకు మనలాగా విడిగా జీర్ణాశయం ఉండదు; పేగు ముందు భాగమే ఉబ్బి ఆహారాన్ని పట్టి ఉంచుతుంది. అందువల్ల మేత వల్ల వచ్చిన ఉబ్బు మొప్పల వెనక, ఛాతీ దగ్గర కనిపించి, ఒక రోజు పస్తు పెడితే చాలావరకు తగ్గిపోతుంది. గుడ్ల వల్ల వచ్చిన నిండుదనం పస్తుకు లొంగదు. అది పొట్ట వెనక భాగంలో, మలద్వారం వరకు పరుచుకుని ఉంటుంది. పక్క నుంచి చూస్తే పొట్ట అడుగు గీత చక్కని వంపుతో దిగి, మలద్వారం దగ్గర కొంచెం నిటారుగా లేస్తుంది. అద్దం నుంచి కాక, ట్యాంకు మూత తీసి పై నుంచి చూడటం ఇంకా మేలు. గుడ్లున్న చేప పై నుంచి చూసినప్పుడు రెండు వైపులా సమానంగా వెడల్పై, తోక వైపు ఒక్కసారిగా సన్నబడుతుంది. నేను ఒక నోటు పుస్తకంలో ప్రతి ఆడ చేపకూ పై నుంచి కనిపించే ఆకారాన్ని రోజూ ఒక గీతగా గీసుకునేవాణ్ణి. ఇంట్లో వాళ్లు నవ్వారు గాని, చేప ఏ రోజు నిండిందో, ఏ రోజు ఖాళీ అయిందో నాకు నేర్పింది ఆ పుస్తకమే.

జబ్బుతో ఉబ్బిన పొట్టను వేరుగా గుర్తుపట్టాలి. పై నుంచి చూసినప్పుడు పొలుసులు లేచి ముళ్లలాగా నిక్కబొడుచుకుని ఉంటే, అది లోపల నీరు చేరడం వల్ల వచ్చే ఉబ్బు. దానిని అక్వేరియం వాళ్లు డ్రాప్సీ అంటారు. ఒక వైపే గడ్డలా పొడుచుకుని వచ్చినా, కళ్లు ఉబ్బినా, చేప రెక్కలు ముడుచుకుని ఒక మూలన నిలబడిపోయినా, మేతకు రాకపోయినా గుడ్ల మాట మరచిపోయి దానిని వేరే తొట్టిలో పెట్టాలి. గుడ్లతో నిండిన డానియో చురుకుదనం ఏమాత్రం తగ్గదు. మేత వేసిన చోటికి మొదట వచ్చేది అదే. నా అనుభవంలో ఈ ఒక్క తేడా మిగిలిన అన్ని లక్షణాల కంటే ఎక్కువగా ఉపయోగపడింది.

మీరు రాసిన వాటిలో నాకు ఎక్కువ నమ్మకం కలిగించినది పొట్ట కాదు, ఉదయం పూట జరుగుతున్న వెంటాడటం. అయితే డానియోలు ఊరికే కూడా ఒకదానినొకటి తరుముకుంటాయి. పెత్తనం కోసం తరిమేటప్పుడు అది రోజులో ఏ వేళలోనైనా, ముఖ్యంగా మేత దగ్గర జరుగుతుంది. తరిమిన చేప ఒక్క విసురుతో వెళ్లి ఆగిపోతుంది, తరమబడింది దూరంగా పారిపోతుంది. గుడ్ల కోసం సాగే వెంటాట తీరు వేరు. వెలుగు వచ్చిన మొదటి గంటలో మగ చేప ఆడదాని చుట్టూ తిరుగుతుంది, దాని పక్కను, తోక దగ్గరి భాగాన్ని ముక్కుతో తాకుతుంది, ముందుకు వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చి దానిని మొక్కల వైపో లోతు తక్కువగా ఉన్న చోటికో తీసుకుపోయే ప్రయత్నం చేస్తుంది. సిద్ధంగా లేని ఆడ చేప పైకి పారిపోతుంది. సిద్ధమైనది కొంత దూరం పోయి ఆగుతుంది, తానే మగ చేప దగ్గరికి వస్తుంది, అడుగుకు దిగుతుంది. చివరికి రెండూ పక్కపక్కన ఒరుసుకుని ఒక్క క్షణం వణుకుతాయి. గుడ్లు రాలేది ఆ క్షణంలోనే. పది గంటలకు లేచి ట్యాంకు దగ్గరికి వెళ్లేవాళ్లకు ఇదంతా కనిపించదు. అప్పటికి పెట్టిన గుడ్లలో చాలావరకు ఆ తల్లిదండ్రులే తినేసి ఉంటాయి.

దుకాణదారు చెప్పినట్టు నేనూ ఒకసారి చేశాను. నిండుగా ఉన్న ఆడ చేపను, గుడ్లు వృథా కాకూడదని, ఒంటరిగా వేరే తొట్టిలో రెండు నెలలు ఉంచాను. బాగా మేపాను. పొట్ట ఇంకా పెరిగింది, నేను ఇంకా సంతోషించాను. చివరికి మగ చేపలను వదిలినప్పుడు అది ఒక్క గుడ్డు కూడా పెట్టలేదు. మరో వారానికి గట్టిపడిన పొట్టతోనే చనిపోయింది. బయటికి రాని గుడ్లు లోపలే పాడైపోతాయని, ఎక్కువ కాలం గుడ్లు పెట్టకుండా ఉంచడం డానియోకు హాని చేస్తుందని అప్పుడే తెలుసుకున్నాను. ఇప్పుడు వేరు చేయడం అవసరమైతే వారం, మహా అయితే పది రోజులు, అది కూడా అద్దానికో జాలీకో అవతలి వైపు మగ చేపలు ఉండి నీళ్లు కలిసేటట్టుగా మాత్రమే చేస్తాను.

కైకలూరు వైపు చేపపిల్లల హేచరీలో పనిచేసే మా బంధువు ఒకరు చేపను చేతితో తాకి చూస్తేనే సిద్ధమైందో లేదో తెలుస్తుందని నాతో వాదించేవారు. రోహు, కట్ల తల్లి చేపలను ఎంచేటప్పుడు వాళ్లు పొట్టను చేతితో తాకి మెత్తదనం చూస్తారు, మగ చేపను పొట్ట కింద మెల్లగా నొక్కి తెల్లని వీర్యం వస్తున్నదేమో చూస్తారు, దాని ముందు రెక్కలు గరుకుగా ఉన్నాయో లేదో వేలితో రాసి చూస్తారు. ఆ గరుకుదనం డానియో మగ చేప ముందు రెక్కల మీద కూడా ఉంటుంది. భూతద్దంతో చూస్తే చిన్న మొటిమల వరుసలాగా కనిపిస్తుంది. కాని నాలుగు సెంటీమీటర్లు కూడా లేని చేపను నొక్కి చూడటం దానిని చంపడమే. పైగా రోహు చెరువు నిలవ నీళ్లలో తనంత తాను గుడ్లు పెట్టదు కనుక హార్మోను సూది వేస్తారు, సూది వేయడానికి ముందు చేప సిద్ధంగా ఉందని చేతితో తేల్చుకోక తప్పదు. డానియోకు ఆ అవసరం లేదు. సరైన మేత, వెచ్చదనం, చీకటి తరువాత వెలుగు అమరితే కొద్ది రోజులకొకసారి అది తనంత తానే గుడ్లు పెడుతుంది.

ఆ అమరిక గురించి క్లుప్తంగా చెబుతాను. డానియో గంగా, బ్రహ్మపుత్ర పరీవాహక ప్రాంతాల చేప. 1822లో స్కాట్లండ్‌కు చెందిన శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ హామిల్టన్ దీనిని మొదట వర్ణించాడు. వానాకాలంలో పొలాల గట్లను, కాలువల అంచులను ముంచే లోతులేని నీటిలో ఇది గుడ్లు పెడుతుంది. మన ఇంట్లో ఆ వానాకాలానికి గుర్తుగా ఇవ్వగలిగినవి 26 నుంచి 28 డిగ్రీల వేడి, పాత నీటిలో మూడో వంతు తీసి పోసిన కొంచెం చల్లని కొత్త నీరు, అరచేయి లోతు మాత్రమే ఉన్న మూల. ఈ చేప మీద ప్రయోగాలు చేసే ప్రయోగశాలల్లో 14 గంటల వెలుగు, 10 గంటల చీకటి పాటిస్తారు. హాల్లో అర్ధరాత్రి దాకా టీవీ వెలుగు పడే ట్యాంకులో చేపకు తెల్లవారడం అంటే ఏమిటో తెలియదు. నా ట్యాంకు మీద రాత్రి తొమ్మిదికి దుప్పటి కప్పడం మొదలుపెట్టిన తరువాతే గుడ్లు ఒక క్రమంలో రావడం మొదలైంది. మేత విషయంలో ఎండు గుళికలతో పాటు ఒక వారం బ్రతికి ఉన్న మేత, అంటే దోమ లార్వాలో, డాఫ్నియా, అప్పుడే పొదిగిన ఆర్టీమియా వంటి చిన్న నీటి జీవులో ఇస్తే పొట్టలో వచ్చే తేడా మీకే కనిపిస్తుంది. దోమ లార్వాలను మాత్రం చేపలు తినగలిగినంతే వేయండి, మిగిలినవి దోమలై ఇంట్లోనే తిరుగుతాయి.

సిద్ధమైందా లేదా అన్న ప్రశ్నకు చివరి జవాబు గుడ్లే. పది లీటర్ల తొట్టి అడుగున పిల్లలు ఆడుకునే గాజు గోలీలను రెండు వరుసలుగా పరిచి, వాటి మీద నాలుగు వేళ్ల ఎత్తు నీళ్లు ఉండేటట్టు పోసి, రాత్రి ఒక ఆడ చేపను, రెండు మగ చేపలను వదిలి మూత పెట్టండి. డానియో గుడ్లు దేనికీ అంటుకోవు, నేరుగా అడుగుకు జారి గోలీల సందుల్లో పడతాయి. చేపల నోరు అక్కడికి చేరదు. ఉదయం వెలుగు వచ్చిన రెండు గంటలకు చేపలను తీసేసి, నల్లని అట్ట మీద తొట్టిని పెట్టి అడుగు చూడండి. గాజు పూసల్లా పారదర్శకంగా ఉన్నవి మంచి గుడ్లు, పాలలా తెల్లబడినవి వీర్యం అందనివో పాడైనవో. గుడ్లన్నీ తెల్లగానే ఉంటే ఆడ చేపను తప్పు పట్టకండి. మగ చేప చిన్నదో ముసలిదో అయి ఉండవచ్చు, లేదా ఆ గుడ్లు చాలా రోజులుగా లోపలే ఉండిపోయినవి కావచ్చు. వారం తరువాత అదే చేపతో మళ్లీ చేసి చూస్తే, రెండవసారి పెట్టిన గుడ్లు మెరుగ్గా ఉండటం నేను చాలాసార్లు గమనించాను.

ఇదే కొలతను ఇతర చేపలకు తీసుకుపోకండి. ఫైటర్ చేపలో ఆడదాని ఒంటి మీద నిలువు చారలు, పొట్ట కింద తెల్లని చుక్క చూడాలి. మగ చేప నీటి మీద నురుగు గూడు కట్టినంత మాత్రాన జత సిద్ధమైనట్టు కాదు, ఒంటరి మగ చేప కూడా గూడు కడుతుంది. ఏంజెల్ చేపలు జంటగా విడిపోయి ఒక ఆకునో అద్దాన్నో నోటితో శుభ్రం చేయడం మొదలుపెడతాయి. రోజీ బార్బ్ మగ చేప ఎర్రబడుతుంది.

ఇప్పుడు మీ చేప సంగతి. రేపు దానికి మేత వేయకుండా, ఎల్లుండి ఉదయం మేతకు ముందు పై నుంచి చూడండి. పొట్ట అలాగే, రెండు వైపులా సమానంగా ఉండి, పొలుసులు అణిగి ఉండి, చేప చురుకుగా ఉంటే ఆ రాత్రే దానిని వెంటాడుతున్న రెండు మగ చేపలతో కలిపి గోలీల తొట్టిలో వదలండి. పది రోజులుగా ఉబ్బి ఉంది అంటున్నారు కనుక ఆలస్యం చేయవద్దు. మొదటి ఉదయం గుడ్లు రాకపోతే మరొక రాత్రి ఉంచి, అప్పటికీ రాకపోతే పాత ట్యాంకుకు చేర్చండి. పొట్ట తగ్గిపోతే అది మేత ఉబ్బే. మేత తగ్గించి, పది రోజుల తరువాత మళ్లీ చూడండి. పొలుసులు లేచి కనిపిస్తే మాత్రం గోలీల తొట్టి వద్దు, దానిని ఒంటరిగా వేరు చేసి, పై నుంచి తీసిన ఫొటోతో మళ్లీ రాయండి.