ఫిర్యాదుల మనిషి అన్న పేరు పడుతుందా? స్క్రీన్ రీడర్‌తో పనిచేసే అమ్మాయి తండ్రికి జవాబు

ప్రశ్న: మా అమ్మాయికి పుట్టుకతోనే చూపు లేదు. కంప్యూటర్ సైన్స్ చివరి సంవత్సరంలో ఉంది, ఒక సంస్థలో ఇంటర్న్‌షిప్ చేస్తోంది. అక్కడ పని గంటలు నమోదుచేసే టైమ్‌షీట్ సాఫ్ట్‌వేర్‌లో తేదీ ఎంచుకునే క్యాలెండర్‌ను తన స్క్రీన్ రీడర్ (తెర మీది అక్షరాలను పైకి చదివే సాఫ్ట్‌వేర్) చదవదు. తయారీ కంపెనీకి రెండుసార్లు మెయిల్ పెట్టింది. “స్క్రీన్‌షాట్ పంపండి” అన్నారు తప్ప ఏమీ చేయలేదు. అందుకని ప్రతి శుక్రవారం నేనే లాగిన్ అయి నింపుతున్నాను. ఉద్యోగం ఖాయమయ్యేదాకా ఈ ఫిర్యాదులు ఆపమంటే వినడం లేదు. ఫిర్యాదుల మనిషి అని పేరు పడితే ఎవరు తీసుకుంటారు? యాక్సెసిబిలిటీ టెస్టింగ్‌లో (సాఫ్ట్‌వేర్ వైకల్యం ఉన్నవారికి పనికొస్తుందా అని పరీక్షించే పని) సర్టిఫికెట్ చేయించి అటు పంపమంటారా, డెవలపర్‌గానే ఉండనివ్వమంటారా? రెండూ పోల్చి చెప్పండి.

జవాబు: పోలిక తర్వాత చెప్తాను. ముందు మీ శుక్రవారం సంగతి మాట్లాడాలి.

చూపులేని పిల్లల తల్లిదండ్రుల నుంచి ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది. పైకి ఏ కోర్సు మంచిదని అడుగుతారు. అడుగున ఉన్న భయం వేరు: నా తర్వాత ఈ పిల్ల ఒక్కతే నెగ్గుకు రాగలదా అని. ఆ భయానికి జవాబు మీ ఇంట్లోనే ఉందండీ. సాఫ్ట్‌వేర్ అడ్డుపడితే నోరు మూసుకోకుండా, దాన్ని తయారుచేసినవాళ్ల చిరునామా వెతికి రెండుసార్లు రాసిన అమ్మాయి నెగ్గుకొస్తుంది. దాన్ని ఆపమంటున్నది మీరు.

మీరు నింపి పంపడం వల్ల ఏమవుతోందో చూడండి. సంస్థ రికార్డుల్లో ఆమె టైమ్‌షీట్ ప్రతి వారం వేళకు చేరుతోంది. అంటే కాగితం మీద సమస్యే లేదు. రేపు మేనేజర్ తరఫున ఎవరైనా వెండర్‌ను, అంటే సాఫ్ట్‌వేర్ అమ్మిన కంపెనీని అడిగితే, “మీ ఉద్యోగి వాడుతూనే ఉన్నారు కదా” అంటారు. పైగా ఒకరి పాస్‌వర్డ్‌తో మరొకరు లాగిన్ కావడం దాదాపు ఏ సంస్థలోనైనా భద్రతా నియమాల ఉల్లంఘన. పద్ధతిగా రాసిన రిపోర్టుతో ఇంటర్న్‌కు చెడ్డపేరు రాదు. పాస్‌వర్డ్ ఇంట్లోవాళ్లకు ఇచ్చిందని తెలిస్తే మాత్రం వస్తుంది. మీ ప్రేమను తప్పుపట్టడం లేదు. కానీ ఆమెను కాపాడుతున్నానని మీరు అనుకుంటున్న పనే ఆమెకు ఎక్కువ ప్రమాదం తెచ్చేలా ఉంది.

ఇక ఫిర్యాదుల మనిషి అన్న మాట. సాఫ్ట్‌వేర్ రంగంలో బగ్ రిపోర్టు, అంటే లోపం ఇదీ అని రాయడం రోజువారీ పని, దానికి జీతాలిస్తారు. పేరు పాడయ్యేది రిపోర్టు రాసినందుకు కాదు, “మీ యాప్ అంధులకు పనికిరాదు, వెంటనే బాగుచేయండి” అని రాసి వదిలేసినందుకు. దాన్ని చదివిన సపోర్టు ఉద్యోగికి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. ఆ తెలియనితనంలోంచే స్క్రీన్‌షాట్ పంపమన్న మాట వస్తుంది. మీ అమ్మాయి మెయిళ్లు నేను చూడలేదు గనక ఆమె ఇలాగే రాసిందని అనను. మూడో మెయిల్ ఎలా ఉండాలో మాత్రం చెప్తాను. ఇక్కడి నుంచి ఆమెకు చదివి వినిపించండి, లేదా ఆమె స్క్రీన్ రీడరే చదువుతుంది.

మొట్టమొదట తేల్చుకోవాల్సింది, తప్పు ఎవరిదని. యాప్‌దా, బ్రౌజర్‌దా, స్క్రీన్ రీడర్‌దా? ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ వాడుతుంటే ఎన్‌వీడీఏ కీతో (మామూలుగా ఇన్సర్ట్) క్యూ నొక్కి, వచ్చే జాబితాలో యాడ్-ఆన్‌లు (అదనంగా చేర్చుకున్న చిన్న ప్రోగ్రాములు) లేకుండా మళ్లీ మొదలుపెట్టే ఎంపిక తీసుకోవాలి. అదే పేజీని క్రోమ్‌లోనూ ఫైర్‌ఫాక్స్‌లోనూ చూడాలి. తర్వాత విండోస్, కంట్రోల్, ఎంటర్ కీలు కలిపి నొక్కి, విండోస్‌లోనే ఉండే స్క్రీన్ రీడర్ నరేటర్‌తో ఒకసారి చూడాలి. అన్నిచోట్లా ఒకేలా విఫలమైతే తప్పు యాప్‌దే అనుకోవచ్చు. ఒక్క స్క్రీన్ రీడర్‌లోనే వస్తే రిపోర్టు ముందు ఆ స్క్రీన్ రీడర్ వాళ్లకు వెళ్లాలి. చివరగా స్క్రీన్ రీడర్‌ను పూర్తిగా ఆపేసి ట్యాబ్, ఎంటర్, బాణం కీలతో ప్రయత్నించాలి. ఆ స్థితిలోనూ తేదీ మారలేదని పక్కన చూపున్నవారు ఎవరైనా చూసి చెప్తే రిపోర్టు బలం పెరుగుతుంది. అప్పుడది మౌస్ పట్టుకోలేని ప్రతి ఒక్కరి సమస్య.

ఇక్కడ చాలామంది బోల్తా పడే చోటు ఒకటుంది. పేజీని చదువుకుంటూ తిరిగే బ్రౌజ్ మోడ్‌లో ఉన్నప్పుడు ఒంటరి అక్షరాల కీలను స్క్రీన్ రీడర్ తన పనికి వాడుకుంటుంది. హెచ్ నొక్కితే శీర్షికకు, బి నొక్కితే బటన్‌కు దూకుతుంది. ఆ కీ యాప్‌దాకా చేరనే చేరదు. “మీ షార్ట్‌కట్ పనిచేయడం లేదు” అని రాసేముందు ఎన్‌వీడీఏ కీతో స్పేస్ నొక్కి, కీలు నేరుగా యాప్‌కు చేరే ఫోకస్ మోడ్‌లోకి మారి చూడాలి. ఇది చూసుకోకుండా పంపిన ఒక్క తప్పుడు రిపోర్టు చాలు, తర్వాతి నాలుగు నిజమైనవాటిని కూడా అనుమానంగా చదువుతారు.

స్క్రీన్‌షాట్ అడిగారంటే తనకు వినపడేది వాళ్లకు చూపించమని అర్థం చేసుకోవాలి. ఎన్‌వీడీఏ మెనూలో టూల్స్ కింద స్పీచ్ వ్యూయర్ ఉంటుంది. స్క్రీన్ రీడర్ పలికే ప్రతి మాటా అందులో అక్షరాల్లో పడుతుంది, దాన్ని ఉన్నదున్నట్టు కాపీ చేసి రిపోర్టులో పెట్టొచ్చు. చూపున్న డెవలపర్‌కు వేగంగా సాగే ఆ గొంతు అర్థం కాదు, కాబట్టి వీడియో తీస్తే వేగం బాగా తగ్గించి శబ్దంతో సహా తీయాలి. రెండు నిమిషాలు దాటనివ్వొద్దు.

లాగ్ ఫైల్ (ప్రోగ్రాం తను చేసినవన్నీ రాసుకునే ఫైల్) పంపేటప్పుడు మాత్రం చాలా జాగ్రత్త. ఎన్‌వీడీఏ లాగ్‌ను ఇన్‌పుట్, అవుట్‌పుట్ నమోదయ్యే స్థాయిలో పెడితే నొక్కిన కీలన్నీ అందులోకి వెళ్తాయి, పాస్‌వర్డ్ కూడా. లాగిన్ అయ్యాకే ఆ స్థాయి పెట్టాలి, పని కాగానే మామూలు స్థాయికి తేవాలి, పంపేముందు ఫైల్ మొత్తం చదువుకోవాలి.

రిపోర్టు ఇలా ఉంటే చాలు, ఇంతకన్నా పొడుగు అక్కర్లేదు (ఇందులో ఫోకస్ అంటే నొక్కిన కీ పనిచేసే చోటు):

“శీర్షిక: టైమ్‌షీట్ ఫారంలో తేదీ క్యాలెండర్‌ను కీబోర్డుతో వాడలేకపోతున్నాం.
మెట్లు: ‘కొత్త నమోదు’ బటన్ మీద ఎంటర్ నొక్కండి. ట్యాబ్‌తో ‘పని తేదీ’ పెట్టెకు వెళ్లండి. ఎంటర్ నొక్కండి, తర్వాత కింది బాణం నొక్కండి.
జరుగుతున్నది: క్యాలెండర్ తెర మీద తెరుచుకుంటుంది, ఫోకస్ మాత్రం పెట్టెలోనే ఉంటుంది. బాణం కీలతో తేదీ మారదు. ట్యాబ్ నొక్కితే క్యాలెండర్‌ను దాటి ‘గంటలు’ పెట్టెకు పోతుంది. స్పీచ్ వ్యూయర్‌లో వచ్చినది: ‘పని తేదీ, ఎడిట్, రీడ్ ఓన్లీ’.
జరగాల్సింది: ఫోకస్ క్యాలెండర్‌లోకి వెళ్లాలి, బాణంతో కదిలితే తేదీ, వారం వినపడాలి, ఎంటర్‌తో ఎంపిక కావాలి, ఎస్కేప్‌తో మూసుకుని ఫోకస్ మళ్లీ పెట్టెకు రావాలి.
ప్రభావం: తేదీ లేనిదే ఫారం వెళ్లదు. మరో దారి లేదు.”

కింద బ్రౌజర్, విండోస్, స్క్రీన్ రీడర్ వెర్షన్లు. వెబ్ యాప్ అయితే ప్రయత్నించిన తేదీ, సమయం కూడా రాయాలి, ఎందుకంటే అది చెప్పాపెట్టకుండా మారిపోతూ ఉంటుంది.

ఈ నమూనాలో ‘రీడ్ ఓన్లీ’ అన్న మాట చూశారా? అసలు పెట్టెలో తేదీ టైప్ చేయనివ్వడం లేదని అర్థం. క్యాలెండర్ మొత్తం తిరగరాయడానికి వాళ్లకు నెలలు పట్టొచ్చు, కానీ ఆ పెట్టెలో టైప్ చేయనిచ్చి సరిచూసుకోవడం చాలా చిన్న మార్పు. “ఈలోగా ఇదైనా చేయండి” అని ఒక వాక్యం కలిపితే రిపోర్టు చదివే ఇంజనీరుకు ఈ వారమే చేయగలిగిన పని దొరుకుతుంది. కోడ్ తెలిసిన మనిషి రాసే రిపోర్టుకూ మిగతావాటికీ ఉన్న తేడా ఇక్కడే కనిపిస్తుంది. మీ అమ్మాయి చదివిన చదువు అక్కరకొచ్చేదీ ఇక్కడే.

ప్రమాణాల సంఖ్య రాస్తే మంచిదే. పై లోపానికి డబ్ల్యూసీఏజీ అనే అంతర్జాతీయ వెబ్ యాక్సెసిబిలిటీ ప్రమాణాల్లో 2.1.1 కీబోర్డు, 4.1.2 పేరు, పాత్ర, విలువ అన్న నియమాలు సరిపోతాయి. రెండూ కనీస స్థాయి అయిన ఎ కిందివి, అంటే వాటిని తప్పినవాళ్లు ఏ స్థాయినీ అందుకోనట్టే. కచ్చితంగా తెలిస్తేనే రాయాలి. 2023 అక్టోబరులో వచ్చిన 2.2 వెర్షన్‌లో 4.1.1 అనే నియమాన్ని తీసేశారు. పాత జాబితా చూసి దాన్ని రాస్తే అవతలివాళ్లు దాని మీదే వాదన పెట్టుకుంటారు, అసలు లోపం పక్కకు పోతుంది. ఒక రిపోర్టులో ఒకే లోపం ఉండాలన్నది కూడా ఇందుకే. పది కలిపి రాస్తే తేలికైనది ఒకటి సరిచేసి టికెట్ (ఫిర్యాదు నమోదు) మూసేస్తారు.

ఎవరికి పంపాలన్న దగ్గర మీ అమ్మాయి దారి తప్పింది. అందరికీ అమ్మే సాఫ్ట్‌వేర్ అయితే నేరుగా రాయొచ్చు. మైక్రోసాఫ్ట్‌కు వైకల్యం ఉన్నవారికోసం డిజెబిలిటీ ఆన్సర్ డెస్క్ ఉంది, కోడ్ రాసుకునే విజువల్ స్టూడియో కోడ్ లాంటివాటి లోపాలు గిట్‌హబ్ అనే వెబ్‌సైట్‌లో బహిరంగంగా తీసుకుంటారు. కానీ ఈ టైమ్‌షీట్ కొన్నది ఆమె సంస్థ. వెండర్ లెక్కలో ఆమె కస్టమర్ కాదు, ఆమె సంస్థ కస్టమర్. సొంత మెయిల్ నుంచి పంపితే ఏ ఖాతా కిందా నమోదు కాకుండా పోయే అవకాశమే ఎక్కువ. అదే రిపోర్టును ముందు మేనేజర్‌కు, వారి ద్వారా ఐటీ విభాగానికి ఇస్తే సంస్థ కస్టమర్ నంబరుతో టికెట్ తెరుస్తారు. పైగా సంస్థ సాఫ్ట్‌వేర్ తెరలను అనుమతి లేకుండా బయటికి పంపిందన్న మాటా రాదు.

ఐటీ విభాగాన్ని ఇంకొకటి అడగమనండి: ఆ ఉత్పత్తికి వీపీఏటీ (ఏ ప్రమాణాన్ని ఎంతవరకు పాటించారో వెండరే వరుసవారీగా రాసే పట్టిక) నమూనాలో నింపిన యాక్సెసిబిలిటీ నివేదిక ఉందా అని. అమెరికా ఫెడరల్ ప్రభుత్వ సంస్థలకు, వాడే సాఫ్ట్‌వేర్ వైకల్యం ఉన్నవారికీ పనికిరావాలనే సెక్షన్ 508 చట్టం వర్తిస్తుంది గనక వాటికి అమ్మాలనుకునే వెండర్లు దీన్ని దగ్గర పెట్టుకుంటారు. అందులో కీబోర్డు వరుసలో ‘సపోర్ట్స్’ అని ఉండి, ఇక్కడ క్యాలెండర్ కదలకపోతే, ఆ వరుసను రిపోర్టుకు జతచేయాలి. వాళ్లు రాసిచ్చిన మాటకే ఇది విరుద్ధం గనక తోసిపుచ్చడం కష్టం. ఒప్పందం పొడిగింపు దగ్గరపడే నెలల్లో అయితే ఇంకా త్వరగా కదులుతారు.

పంపాక రెండు వారాలు ఆగి, టికెట్ నంబరుతో ఒక్క వాక్యం అడగాలి. “మా దగ్గర రావడం లేదు” అంటే చాలాసార్లు మౌస్‌తో చూశారని అర్థం. కోపం వద్దు, “మౌస్‌ను పక్కన పెట్టి అవే మెట్లు చేయండి, పది నిమిషాలు కాల్‌లో చూపిస్తాను” అనాలి. సరిచేశామన్నాక అవే మెట్లు మళ్లీ చేసి చూశాకే టికెట్ మూయమనాలి. తర్వాతి వెర్షన్లలో పాత లోపం తిరిగి రావడం మామూలే, అందుకని ఉత్పత్తి, వెర్షన్, టికెట్ నంబరు, ఈలోగా వాడిన మరో దారి, లోపం సరిచేసిన వెర్షన్ అన్నీ ఒక స్ప్రెడ్‌షీట్‌లో పెట్టుకోవాలి. సంస్థల పేర్లు, లోపలి వివరాలు తీసేసి రాసుకున్న అలాంటి నాలుగు రిపోర్టులు ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ కన్నా ఎక్కువ మాట్లాడతాయి.

ఇక సర్టిఫికెట్ దారి. నాకు దీని మీద అనుమానాలున్నాయి, దాచను. చూపులేని ప్రతి పట్టభద్రుడినీ ఇప్పుడు అందరూ యాక్సెసిబిలిటీ టెస్టింగ్‌కే తోస్తున్నారు. ఆ పని తక్కువదని కాదు. ఆటోమేటిక్ స్కాన్ పరికరం బటన్‌కు పేరు లేదని పట్టుకుంటుంది గానీ, క్యాలెండర్‌లో బాణం కీ తేదీని మార్చడం లేదని మనిషే చెప్పాలి. నా బెంగ వేరు. కోడ్ తెలియకుండా ఆ పనిలో చేరినవాళ్లు ఏళ్ల తరబడి అదే పట్టిక నింపుతూ ఉండిపోవచ్చు. సంస్థ ఖర్చు తగ్గించుకోవాలనుకుంటే ముందు కోత పడేది ఇలాంటి బృందాల మీదే అయితే, వాళ్లకు చేతిలో ఇంకో పని ఉండదు. ‘మా యాప్ కాస్త చూసి పెట్టండి’ అని ఉచితంగా చేయించుకునేవాళ్లూ తగులుతారు. తనకు అడ్డొచ్చిన లోపాన్ని చెప్పడం ఆమె ఇష్టం, యాప్ మొత్తాన్ని పరీక్షించడం పని, దానికి డబ్బు ఇవ్వాలి. ఇది ఆమెకు ఇప్పుడే తెలియాలి.

కాబట్టి పోలిక అంటారా, నా మాట డెవలపర్ వైపే. యాక్సెసిబిలిటీ మీద నిజంగా ఆసక్తి ఉంటే రెండేళ్లు కోడ్ రాశాక అటు వెళ్లొచ్చు, అప్పుడు సర్టిఫికెట్‌కూ అర్థం ఉంటుంది. ఆమె చేతిలో ఉన్న ఎన్‌వీడీఏనే చూడండి. 2006లో దాన్ని మొదలుపెట్టిన మైకేల్ కరన్, ఆయనతో కలిసిన జేమ్స్ టెహ్ ఇద్దరికీ చూపు లేదు. టెహ్ తర్వాత, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ తయారుచేసే మొజిల్లాలో చేరి, ఫైర్‌ఫాక్స్ లోపలే యాక్సెసిబిలిటీ పని చేశారు. లోపాన్ని చెప్పే మనిషి, లోపాన్ని సరిచేసే మనిషి ఒక్కరే కావచ్చు. అంత పేరు రావాలని లేదు, ఒక మామూలు బృందంలో మామూలు ఇంజనీరుగా ఆమె హాయిగా బతకగలదు. దాని గురించి మీరు నిద్ర పాడుచేసుకోవద్దు.

ఈ వారం చేయాల్సింది ఇది. క్యాలెండర్ బాగుపడేదాకా తన గంటలను మెయిల్‌లో పంపుతానని, టైమ్‌షీట్ విభాగం వాళ్లే నమోదు చేయాలని ఆమె మేనేజర్‌ను రాతపూర్వకంగా అడగాలి. ఆ మెయిల్ ఆమే రాయాలి, మీరు పక్కన కూర్చోవద్దు. పాస్‌వర్డ్ మాత్రం ఈ రాత్రే మార్చమనండి, కొత్తది మీకు చెప్పనక్కర్లేదు.